కట్ట కుంగిన వారం

ఆ ఊళ్లో రైలు ఆగదు. ఎన్నడూ ఆగలేదు. ఊరి దగ్గరికి రాగానే నెమ్మదిస్తుంది, అంతే. ఆ నెమ్మదించడం మీదే వెయ్యి గడపలు బతుకుతున్నాయంటే కొత్తవాళ్లు నవ్వుతారు గానీ, ఊరి చరిత్రంతా కలిపి చూసినా అంతకు మించి ఒక్క ముక్క లేదు.

అసలు అక్కడ ఊరు ఉండాలని ఎవరూ అనుకోలేదు. రైల్వేవాళ్లు పల్లపు నేల మీద రెండు మిద్దెల ఎత్తున మట్టి పోసి కట్ట కట్టారు. దాని మీద పట్టాలు వేసుకుని తమ దారిన తాము పోయారు. మూడో ఏడు వానలకు కట్ట ఒక పక్కకి కుంగింది. అక్కడ ఒక కిలోమీటరు మేర ఏ బండీ గంటకు పదిహేను దాటకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పసుపుపచ్చ రేకు మీద నల్ల అంకె రాసి బోర్డు పాతారు. బండి అంత నెమ్మదిగా పోతుంటే పక్కన నడుస్తూ కిటికీలోంచి గ్లాసెడు చాయ్ అందించవచ్చని మొదట కనిపెట్టిన మహానుభావుడెవరో తెలియదు. చాయ్ వెనక ఉడికించిన గుడ్లు వచ్చాయి. గుడ్ల వెనక దువ్వెనలు, తాళాలు, చేతిరుమాళ్లు, పిల్లల లాగూలు. అమ్మేవాళ్లకి గుడిసెలు లేచాయి, గుడిసెలు పోయి మిద్దెలయ్యాయి, మిద్దెల మధ్య వీధులు ఏర్పడ్డాయి. స్టేషన్ ఇప్పించమని ఊరు పదకొండు అర్జీలు పెట్టుకుంది. రెండు స్టేషన్ల మధ్య ఇంత దూరం ఉండాలన్న నిబంధన చూపించి పదకొండుసార్లూ కాదన్నారు.

నిబంధన ఇంకొకటి కూడా ఉంది. వరసగా నాలుగు వారాలు కట్ట కుంగలేదని తేలితే వేగం మీద ఆంక్ష ఎత్తేయాలి. అది కొలవడం లైను మేస్త్రి పని. కట్ట అంచున, గట్టి నేల తగిలేదాకా దింపిన పునాది మీద పాతిన రాతి స్తంభం ఒకటుంది. దాని నెత్తి మీంచి పట్టా మీదుగా పొడుగాటి చెక్కబద్ద చాపి, రసమట్టం పెట్టి సరిచూసి, బద్దకీ పట్టాకీ మధ్య సందు కిందటి వారం కంటే ఎంత పెరిగిందో ప్రతి సోమవారం పుస్తకంలో రాయాలి.

కట్ట కుంగడం నలభై ఏళ్ల కిందటే ఆగిపోయింది. పుస్తకంలో మాత్రం ఆగలేదు.

మొదట రాసింది ఇప్పటి మేస్త్రి తండ్రి. మూడు వారాలు సున్నా రాసి, నాలుగో వారం పెన్ను పట్టుకుని కూర్చున్నప్పుడు ఆయనకి ఊరంతా కళ్లముందు కదిలింది. అర అంగుళం అని రాశాడు. ఆ తర్వాత ప్రతి సోమవారం అర అంగుళమే. ఆయన పోయాక ఉద్యోగం కొడుక్కి వచ్చింది, ఉద్యోగంతోపాటు ఆ అర అంగుళమూ వచ్చింది. కుంగిన చోట నింపమని ఏటేటా రైల్వే పంపే కంకరలో సగం పట్టాల కిందకి పోయేది, సగం ఊళ్లోకి నడిచి వచ్చేది. పునాది తవ్వితే రైల్వే కంకర తగలని ఇల్లు అక్కడ లేదు. ఇందుకు మేస్త్రికి దక్కింది ఊరికే క్షవరం, ఊరికే చాయ్, బజారులో నడుస్తుంటే నాలుగు నమస్కారాలు. ఆ నమస్కారాలంటే అతనికి ప్రాణం. కాదనడం దేనికి?

అయితే ఆ ఏడు కొత్త ఇంజనీరు వచ్చాడు. వెనకటివాళ్లు పుస్తకం చివరి పేజీ చూసి సంతకం పెట్టేవాళ్లు. ఈయన బీరువాలు తెరిపించి నలభై ఏళ్ల పుస్తకాలూ దించాడు. కిందటి నెల స్వయంగా వచ్చి, అదే రాతి స్తంభాన్ని ఆధారం చేసుకుని మూడుకాళ్ల యంత్రంతో కట్టంతా కొలుచుకుని పోయాడు. వెంట్రుకవాసి కుంగలేదని తేల్చాడు. గురువారం మధ్యాహ్నం మెయిల్ బండి ఊరి మీదుగా గంటకు అరవైలో పోతుందనీ, ఇంజన్లో తానే ఉంటాననీ ఉత్తర్వు పంపాడు.

ఆ గురువారానికి ముందు సోమవారం, మేస్త్రి పొద్దున్నే కట్టెక్కాడు. మామూలుగా అయితే ఇంట్లో కూర్చునే అర అంగుళం రాసి పారేసేవాడు. ఆ రోజు మాత్రం, ఎలాగూ ఇదే ఆఖరు కదా, ఒక్కసారి నిజంగా కొలిచి సున్నా రాద్దామనిపించింది. బద్ద చాపాడు. రసమట్టంలో బుడగ నడిమికి వచ్చింది. సందులో వేలు పెట్టాడు. వేలు దూరింది. రెండో వేలు కూడా దూరింది.

బద్ద తీసి, స్తంభం నెత్తి తుడిచి మళ్లీ పెట్టాడు. రెండున్నర అంగుళాలు. మూడోసారి పెట్టాడు. రెండున్నరే.

కట్ట అంచు వెంబడి నడిచి చూశాడు. గడ్డిలో పగులు ఉంది, వేలెడు వెడల్పు, ముప్ఫై అడుగుల పొడవు. ఎగువ వైపు పది రోజుల వాననీళ్లు చెరువులా నిలిచి ఉన్నాయి. ఎందుకు నిలిచాయో తెలియక కాదు. కట్ట కింద నీళ్లు పోయే తూము ఉంది. కిందటేడు దాని మూతికి అడ్డంగా ఊరివాళ్లు మూడు కొట్లు కట్టుకున్నారు. కడుతున్నప్పుడు మేస్త్రి చూశాడు. చూసి, వాళ్లిచ్చిన చాయ్ తాగి వచ్చాడు. ఇప్పుడా నీళ్లన్నీ కట్ట కడుపులోకి ఎక్కుతున్నాయి. లోపల మట్టి నాని బురదైపోతోంది. ఇంతకాలం లేనిపోని కుంగుడు రాసిన చేతికి నిజం కుంగుడు తగిలింది.

ఇంటికి వచ్చి భార్యకి చెప్పాడు. ఆమె చాయ్ కెటిల్ తోముకుంటోంది. రోజుకి నాలుగు రైళ్ల పక్కన నడిచి చాయ్ అమ్మే మనిషి.

"కట్ట కుంగుతోందే. రెండున్నర అంగుళాలు."

"అలాగా" అంది ఆమె. "నాకెందుకు చెప్తున్నావు, నేనేమైనా ఇంజనీరునా? అక్కడ చెప్పు. చెప్పేటప్పుడు ఆ గొంతు కొంచెం తగ్గించు, మరీ ఏడుస్తున్నట్టుంది."

మేస్త్రి అక్కణ్నించి తిన్నగా వర్తక సంఘం పెద్ద దగ్గరికి పోయాడు. ఎండైనా వానైనా చేతిలో గొడుగు వదలడు కాబట్టి ఆయన్ని ఊరంతా గొడుగు పెద్దాయనే అంటుంది. ఆయన తన హోటల్లో నలుగురిని కూర్చోబెట్టుకుని గురువారం నాడు పట్టాల మీద ఎవరెవరు బైఠాయించాలో లెక్కలు వేస్తున్నాడు.

"రెండున్నరా!" అన్నాడు పెద్దాయన. "శభాష్ మేస్త్రీ. నేను రెండు చాలనుకున్నాను. నీకు గుండె ధైర్యం ఎక్కువే."

"పెద్దాయనా, రాసింది కాదు. నిజంగానే కుంగింది. మీ కొట్లు తూముకి అడ్డం పడ్డాయి. అవి తీసేయాలి, ఇవాళే తీసేయాలి."

పెద్దాయన ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. తర్వాత పక్కవాళ్ల వైపు తిరిగి పొట్ట పట్టుకుని నవ్వాడు. "చూశారా, ఆ చేతుల వణుకు చూశారా! ఇన్నేళ్లూ మనవాడిలో ఇంత నటుడున్నాడని నాకు తెలియనే తెలియదు. ఇదిగో మేస్త్రీ, ఇదే మొహంతో ఇంజనీరు దగ్గరికి పో. దారిలో ఎక్కడా మార్చకు."

"ఒట్టు పెద్దాయనా. నా బిడ్డల మీద ఒట్టు."

"ఆ ఒట్టు కూడా వెయ్యి. బాగుంది."

అందరూ నవ్వారు. ఎవరో అతని ముందు చాయ్ పెట్టారు. ఆ గ్లాసు ఎత్తుకుంటే చెయ్యి వణికి సగం ఒలికింది. దానికీ నవ్వారు. మేస్త్రికి అప్పుడు పట్టుకుంది అసలు భయం. కట్ట సంగతి కాదు, ఈ ఊళ్లో తన నోటి నుంచి వచ్చే ఏ మాటా ఇక మాటగా చెల్లదన్న సంగతి.

మంగళవారం పొద్దున్నే బస్సెక్కి ఇంజనీరు ఆఫీసుకు పోయాడు. బల్ల మీద గుట్టగా పాత పుస్తకాలు, పైన తండ్రి చేతిరాత. ఇంజనీరు చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, చెప్పిందంతా విన్నాడు. విన్నాక ఒక కాగితం అతని ముందుకు తోశాడు.

"ఇవన్నీ కలిపి లెక్క కట్టాను. నలభై ఏళ్లకి ఎనభై ఆరు అడుగులు కుంగింది నీ కట్ట. కట్ట ఎత్తే పాతిక అడుగులు. మరి బండ్లు ఎక్కడ నడుస్తున్నాయి మేస్త్రీ, పాతాళంలోనా?"

మేస్త్రికి ఉద్యోగం పోతుందని తెలుసు, తండ్రి పరువు పోతుందని తెలుసు. అయినా చెప్పేశాడు. "అవన్నీ అబద్ధాలు సార్. మా నాన్న రాసినవీ అబద్ధాలే, నేను రాసినవీ అబద్ధాలే. ఇదొక్కటే నిజం."

ఇంజనీరు పాత పుస్తకాలు ఒకటి రెండు తిరగేశాడు. పైన పంఖా తిరుగుతోంది. గోడవతల ఎవరో టైపు కొడుతున్నారు.

"నలభై ఏళ్లు, రెండు వేల అబద్ధాలు" అన్నాడు చివరికి, కోపం లేకుండానే. "సరిగ్గా నేను ఆంక్ష ఎత్తేసే వారంలో ఒక నిజం. నువ్వే నా కుర్చీలో ఉన్నావనుకో, ఏం చేస్తావు?"

మేస్త్రి ఆలోచించాడు. నిజాయితీగానే ఆలోచించాడు. తానైతే ఈపాటికి గెంటించేసేవాడు.

"అయినా నా సహాయకుణ్ని పంపుతాను" అన్నాడు ఇంజనీరు. "రేపు వచ్చి నీ స్తంభం దగ్గరే కొలుస్తాడు. నువ్వు చెప్పింది నిజమైతే మెయిల్ నేనే ఆపిస్తాను. సరేనా?"

సరేనా ఏమిటి, మేస్త్రి చేతులెత్తి దండం పెట్టాడు. దారి పొడుగునా బస్సులో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఊళ్లో దిగగానే గొడుగు పెద్దాయనకి సంగతి చెప్పాడు, ఇప్పటికైనా కొట్లు ఖాళీ చేయిస్తాడని. పెద్దాయన అతని భుజం తట్టి, "కొలవడానికి వస్తున్నాడా? నువ్వు నిశ్చింతగా ఇంటికి పోయి అన్నం తిను. ఇక మేం చూసుకుంటాం" అన్నాడు. ఆ మాటకి అర్థం మేస్త్రికి మర్నాడు గానీ తెలియలేదు.

బుధవారం సహాయకుడు వచ్చాడు, చేతిలో కొత్త రసమట్టంతో. మేస్త్రి ముందు నడిచి స్తంభం చూపించాడు. చూపించిన చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది. స్తంభం చుట్టూ పచ్చి మట్టి, మట్టిలో నాలుగు జతల కాలిముద్రలు. ఊరివాళ్లు దాన్ని పెకలించి, అడుగున ఇటుకలు పేర్చి, మళ్లీ పాతేశారు. మేస్త్రి చెప్పింది అబద్ధం కదా, ఆ అబద్ధానికి తలా ఒక చెయ్యి వేసి సాయం చేశారు. బద్ద పెడితే సందు ఆరంగుళాలు చూపించింది.

"ఆరంగుళాలా!" అన్నాడు సహాయకుడు. "మరీ ఇంత ఆశేమిటయ్యా?"

"ఇది నేను చెయ్యలేదు సార్. నిజంగా కుంగింది రెండున్నర..."

"ఎక్కణ్నించి రెండున్నర? రాయి కదిలిపోయాక మొన్నటి మట్టం ఏదో ఎవడు చెప్పగలడు? సార్ కొలిచిందీ ఈ రాయి ఆధారంగానే."

"పగులు చూడండి సార్. ఇటు రండి, ఒక్కసారి వంగి చూడండి."

సహాయకుడు పగులూ చూశాడు, పక్కన పచ్చి మట్టీ చూశాడు. "ఇది ఏ గడ్డపారతో తీశారు?" అని అడిగాడు. అక్కడే నిలబడి సస్పెన్షన్ కాగితం రాసి ఇచ్చాడు. కొలతల పుస్తకం, ఎర్రజెండా, పచ్చజెండా, బద్ద, అన్నీ తీసేసుకుని జీపెక్కాడు. మేస్త్రి వట్టి చేతులతో కట్ట మీద మిగిలిపోయాడు. అవతల నీళ్లు నిన్నటికంటే జానెడు పెరిగాయి.

ఆ సాయంత్రం అతను గడ్డపార భుజాన వేసుకుని తూము దగ్గరికి దిగాడు. ఎవరూ నమ్మకపోతే పోనీ, నీళ్లకైనా దారి ఇద్దామనుకున్నాడు. కొట్టు వెనక గోడ కింద నాలుగు పోట్లు పొడిచేసరికి కొట్టువాళ్లు కేకలేస్తూ వచ్చి గడ్డపార లాక్కున్నారు. "మా గోడ కూలుస్తావా? ఉద్యోగం పోయేసరికి పిచ్చెక్కిందా?" అని నలుగురూ కలిసి రోడ్డు దాకా నెట్టుకొచ్చారు. అతని కళ్లు మాత్రం కట్ట అడుగునే ఉన్నాయి. అక్కడ గడ్డి మొదళ్లలోంచి బురదనీళ్లు ఊరుతున్నాయి, ఎవరో లోపలినుంచి పిండుతున్నట్టు.

గురువారం తెల్లారేసరికి కట్ట పొడుగునా యాభై అడుగులకొక పోలీసు నిలబడ్డాడు, ఊరివాళ్లు పట్టాల మీద కూర్చోకుండా. జెండా లేకపోయినా ఒంటి మీది ఎర్రచొక్కా విప్పి ఊపుదామని మేస్త్రి కట్టెక్కబోయాడు. "నువ్వేనా ఆ మేస్త్రివి? నీ గురించి ప్రత్యేకంగా చెప్పారు" అని కానిస్టేబులు చెయ్యి పట్టుకుని కిందకి దించేశాడు. కింద గుంపులో భార్య కెటిల్ పట్టుకుని నిలబడి ఉంది. రైలు నెమ్మదించదని తెలిసినా కాచుకొచ్చింది, అలవాటు కదా.

"ఇక్కడ నిలబడకే. ఇంటికి పో. కట్ట మీ మీద పడుతుంది" అన్నాడు ఆమె దగ్గరికి పోయి.

"నువ్వే ఇంటికి పో. రెండు రాత్రులయింది నువ్వు కన్ను మూసి. పోయి పడుకో" అంది ఆమె.

అతను ఇంటికి పోలేదు. వెనక స్టేషన్ ఆరు కిలోమీటర్లు. మెయిల్ అక్కడ రెండు నిమిషాలు ఆగుతుంది. అరవైలో వచ్చే బండి ఆరు కిలోమీటర్లు ఆరు నిమిషాల్లో కొట్టేస్తుంది. ఆ లెక్క తలలో తిరుగుతుంటే మేస్త్రి రోడ్డు పట్టుకుని పరుగెత్తాడు, ఆయాసం వస్తే నడిచాడు, మళ్లీ పరుగెత్తాడు. ప్లాట్‌ఫారం చేరేసరికి బండి వచ్చి ఆగి ఉంది. ప్రతి కిటికీలోనూ మొహాలు. ఒక చంటిపిల్ల కిటికీ కడ్డీ నాకుతోంది. చూడకుండా ఉండాల్సింది, చూశాడు.

ఇంజనీరు ఇంజన్ మెట్టెక్కుతున్నాడు. మేస్త్రి పోయి ఆయన కాళ్లు పట్టుకున్నాడు.

"సార్, రాయి కదిపింది ఊరివాళ్లు. నేను చెప్పింది నిజమని వాళ్లకీ తెలియదు. నన్ను జైల్లో పెట్టించండి. ఈ ఒక్క బండి పదిహేనులో పోనివ్వండి."

ఇంజనీరు కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. మొహంలో జాలి, విసుగు రెండూ ఉన్నాయి. "ఎక్కు" అన్నాడు. "నాతోపాటే రా. నీ కట్ట మీదుగా నీ కళ్లముందే దాటిద్దాం. అప్పటికైనా నీకు మనశ్శాంతి దొరుకుతుంది."

కింద ఉండి చూడటం వేరు, దాని మీదికి తానే పోవడం వేరు. పచ్చజెండా ఊగింది. మేస్త్రి ఎక్కాడు.

లోపల వేడి, నూనె వాసన, చెవులు గింగుర్లెత్తే మోత. డ్రైవరు జుట్టు నెరిసిన మనిషి. ఈ లైను మీద ఇరవై ఏళ్లుగా బండి తోలుతున్నాడు. వేగం ముల్లు నలభై దాటింది, యాభై దాటింది. టెలిఫోను స్తంభాలు వెనక్కి పరుగెడుతున్నాయి. మేస్త్రి రెండు చేతులా కడ్డీ పట్టుకున్నాడు.

"ఏమిటి గొడవ?" అని అడిగాడు డ్రైవరు, తల తిప్పకుండానే.

"కట్ట కుంగింది."

"అది మీ ఊళ్లో ఎప్పుడూ కుంగుతూనే ఉంటుందిగా" అన్నాడు డ్రైవరు. అయినా నవ్వలేదు. కాసేపాగి మళ్లీ అడిగాడు. "మొన్న మంగళవారం అక్కడికి రాగానే నా చాయ్ గ్లాసు ఎడమపక్కకి జారింది. ఇరవై ఏళ్లలో ఎప్పుడూ జారలేదు. ఇవాళ ఎంతుంది?"

మేస్త్రి నాలుక చివరిదాకా అంకె వచ్చింది. నలభై ఏళ్ల అలవాటు, అంకె ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. మింగేశాడు.

"తెలియదు" అన్నాడు. "సోమవారం రెండున్నర. ఆ తర్వాత కొలవనివ్వలేదు. ఇవాళ ఎంతో నాకు తెలియదు. నాకు భయంగా ఉంది."

డ్రైవరు అప్పుడు తిరిగి అతని మొహం చూశాడు. వెంటనే చెయ్యి బ్రేకు మీద పడింది.

"ఎవరు తగ్గించమన్నారు?" అని అరిచాడు ఇంజనీరు.

"అనుమానం వస్తే జాగ్రత్త వైపే ఉండమని మీ నిబంధనల్లోనే ఉంది సార్. నాకు అనుమానం వచ్చింది. నా పేరు మీద రాసుకోండి."

చక్రాలు కీచుమన్నాయి. యాభై, నలభై, ఇరవై. మలుపు తిరిగితే కట్ట, కట్ట కింద ఊరంతా. మెయిల్ నెమ్మదించడం చూడగానే గుంపు ఒక్క కేక పెట్టింది. గెలిచామనుకున్నారు. పోలీసుల్ని తోసుకుని, బుట్టలూ కెటిళ్లూ ఎత్తుకుని, వందల మంది కట్ట మీదికి ఎగబాకారు. బండి నెమ్మదిస్తే వాళ్లకి తెలిసిన పని అదొక్కటే.

మేస్త్రికి పై ప్రాణాలు పైనే పోయాయి. కిటికీలోంచి సగం ఒళ్లు బయటకి వేలాడేసి, "దిగండి! కిందకి దిగండి!" అని గొంతు చించుకున్నాడు. వాళ్లు చేతులూపారు. గుంపులో భార్య కొంగు కనిపించింది, అందరికంటే ముందు, కెటిల్ ఎత్తి పట్టుకుని. డ్రైవరు హారన్ నొక్కి పట్టాడు. ఆ మోతకి జనం కాస్త బెదిరి, పట్టాలు వదిలి బండి ఉన్న వైపుకి, గట్టి నేల వైపుకి జరిగారు. ఇంజన్ ముందు చక్రాలు కట్ట మొదట్లో అడుగుపెట్టాయో లేదో, బండి నిలబడిపోయింది.

అప్పుడు కట్ట కదిలింది. పెద్ద చప్పుడేం కాలేదు. ఇంజన్‌కి ఇరవై అడుగుల ముందు నేల ఎడమవైపుకి మెత్తగా వాలి, గడ్డితో, కంకరతో, ఇటుకల మీద నిలబెట్టిన ఆ స్తంభంతో సహా జారిపోయింది. కింద మూడు కొట్లు బురదలో మునిగాయి. కొట్లవాళ్లంతా రైలు చూడటానికి పైకెక్కారు కాబట్టి బతికిపోయారు. గొడుగు పెద్దాయన మట్టితోపాటు కిందకి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. పట్టాలు రెండూ గాల్లో వేలాడుతున్నాయి. మెయిల్లో ఉన్న ఎనిమిది వందల మందిలో ఒక్కరికీ గీరుకుపోలేదు.

ఇంజనీరు ఆ గాల్లో పట్టాల వైపు, వేగం ముల్లు వైపు మార్చి మార్చి చూశాడు. అరవై అని పైకే గొణిగి, అక్కడే ఇంజన్ నేల మీద కూలబడ్డాడు.

విచారణ మూడు వారాలు నడిచింది. తప్పు నీళ్లదీ, తూముకి అడ్డం కట్టిన కొట్లదీ అని అధికారి రాశాడు. ఇంజనీరు వచ్చి మేస్త్రి ముందే హెచ్చరించాడని సాక్ష్యం చెప్పాడు. ఊరు ఆ ముక్క వినిపించుకోలేదు. మేస్త్రి గడ్డపారతో దిగడం కళ్లారా చూసినవాళ్లు నలుగురున్నారు కదా. మొదటి వారమంతా శభాష్ అన్నారు, రైలు ఆపిన మొనగాడన్నారు. రెండో వారం కబురు వచ్చింది. కట్ట మళ్లీ కట్టరట, లైను గుట్ట అవతలికి మారుస్తారట, ఇక ఈ వైపు బండే రాదట. నమస్కారాలు ఆ రోజుతో ఆగిపోయాయి. కట్టు కట్టిన కాలు బల్ల మీద చాపుకుని గొడుగు పెద్దాయన అందరి ముందూ అడిగేశాడు. "రెండంగుళాలు చాలన్నాం కదయ్యా. కట్టంతా కూల్చమని ఎవరన్నారు?"

ఒక పొద్దున మేస్త్రి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. వీధిలో సామాన్లు కట్టుకుని పోయేవాళ్లు పోతున్నారు. పోతూ పోతూ కొందరు అతని గుమ్మం వైపు ఉమ్మేస్తున్నారు. భార్య లోపలినుంచి వచ్చి పక్కన కూర్చుంది.

"ఊరివాళ్ల సంగతి నాకొద్దు" అంది మెల్లగా. "ఇరవై ఆరేళ్లు నీతో కాపురం చేశాను. నాకైనా నిజం చెప్పు. ఒక్కడివే చేశావా, ఎవరైనా తోడొచ్చారా?"

అతను ఆమె వైపు తిరిగాడు. చెప్పాల్సింది ఎన్నిసార్లు చెప్పాడో, ఎంతమందికి చెప్పాడో ఒక్కసారిగా గుర్తొచ్చింది. మళ్లీ మొదలుపెడితే ఆమె ఎలా వింటుందో, విని ఏమంటుందో కూడా కనిపించింది. ఇంజన్‌లో ఉన్నప్పటికంటే ఎక్కువ భయమేసింది. ఇక మిగిలింది ఈ ఒక్క మనిషి.

"ఒక్కడినే" అన్నాడు.

ఆమె వెంటనే నమ్మింది.